తిరగని క్రేను

హెచ్చరిక పొద్దున ఆరింటికి వచ్చింది. సైటులో అందరి ఫోన్లూ ఒక్కసారే కీచుమన్నాయి. సాయంత్రం నాలుగు తర్వాత భారీ వర్షం, పిడుగులు, గంటకు తొంభై కిలోమీటర్ల ఈదురుగాలి. రేకులు గట్టిగా కట్టుకోండి, చెట్ల కింద నిలబడకండి, పని లేకుండా బయటికి రాకండి. ఆ వారంలో అది మూడో హెచ్చరిక. మొదటి రెండుసార్లూ పడిన వాన చేతిరుమాలు తడపడానికి కూడా చాలలేదు. అందుకని కూలీలు ఫోను చూసి, నవ్వుకుని, జేబులో వేసుకున్నారు.

నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు స్టోరు గదిలో కూర్చునే పైలట్. రెండోవారు క్రేను మీద కూర్చునే అతని కూతురు.

పైలట్ విమానం ఎక్కిన మొహం కాదు. ముప్పై ఏళ్ళు టవర్ క్రేన్లు నడిపాడు, ఆఖరుగా ఈ సైటు క్రేనునే నడిపాడు కాబట్టి కూలీలు ఆ పేరు తగిలించారు. మోకాళ్ళు అరిగిపోయి నిచ్చెన ఎక్కలేడని తేలాక కంపెనీ అతన్ని కిందికి దించి స్టోరులో కూర్చోబెట్టింది. తాళ్ళు, కొక్కేలు, బోల్టులు, గ్రీజు డబ్బాలు. వచ్చినవాడికి అడిగింది ఇవ్వడం, తిరిగి తెచ్చినప్పుడు తిట్టి తీసుకోవడం అతని పని. రెండోది శ్రద్ధగా చేసేవాడు.

కూతురు ఆ విద్య అతని దగ్గరే నేర్చుకుంది. అయినా రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. అతని భార్య ఆస్పత్రిలో కన్నుమూసిన రోజు కూతురు వేరే సైటులో క్రేను మీద ఉంది. స్లాబు పోస్తున్నారు. ఫోను కింద సంచిలో ఉంది. క్రేను ఎక్కేవాళ్ళు ఫోను కిందే వదలాలి, అది రూలు. ఆమె దిగి, ఫోను చూసుకుని, పడుతూ లేస్తూ వచ్చేసరికి తల్లి ముఖం మీద గుడ్డ కప్పి మూడు గంటలైంది. “ఇప్పుడు గుర్తొచ్చిందా?” అన్నాడతను. ఆమెతో అన్న ఆఖరి మాట అదే. ఆ రూలు తనే నేర్పానన్న సంగతి అతనికి తెలియక కాదు. కోపాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి. దేవుడి మీద పెడితే జవాబు రాదు. డాక్టరు మీద పెడదామంటే ఆ తెల్లకోటు ముందు అతనికి నోరు పెగల్లేదు. కూతురు దొరికింది.

ఎనిమిది నెలల కిందట కంపెనీ ఆమెను ఈ సైటుకే పంపింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా నలిగిపోతున్నవాడు ఈల. క్రేను కింద నిలబడి ఈలలు వేసి, చేతులూపి, వాకీటాకీలో చెప్పి, బరువు ఎక్కడ దించాలో చూపించే నలభై ఏళ్ళ మనిషి. కూతురు గ్రీజు కోసం వచ్చి కౌంటరు ముందు నిలబడితే, పైలట్ ఈల వైపు చూసి, డబ్బా రెండో అరలో ఉంది, తీసుకోమను అనేవాడు. ఆమె ఏమీ తక్కువ తినలేదు. మూత రావట్లేదు, స్క్రూడ్రైవరు ఇమ్మనన్నా అనేది ఈలతోనే. మెడనొప్పికి మందేమైనా స్టోరులో ఉందా అని ఈల అడిగితే ఇద్దరూ నవ్వేవాళ్ళు కాదు. పని సంగతి ఏది అడిగించినా పైలట్ నుంచి వచ్చేది ఒకటే జవాబు: “మేనేజరు చెప్పింది చెయ్యమను.”

మేనేజరు కుర్రతనం పోని మనిషి, మంచివాడే. కాగితం మీద టిక్కు పడితే తప్ప ప్రాణం కుదుటపడదు. ఆ పొద్దున పెద్ద పట్టీ ఒకటి రాసుకుని సైటంతా తిరిగాడు. రేకులు కట్టారా, కట్టాం. పరంజా కట్టారా, కట్టాం. సిమెంటు బస్తాలు కప్పారా, కప్పాం. క్రేను దగ్గరికి వచ్చి, ఇది కూడా బిగించెయ్యండి అన్నాడు.

క్రేనుని బిగించకూడదు. పని అయిపోయాక ఆపరేటరు దిగేముందు తిరుగుడు బ్రేకు వదిలి దిగాలి. అప్పుడు యాభై మీటర్ల ఎత్తున బరువులెత్తే ఆ పొడవాటి ఇనప చెయ్యి గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది, గాలి దాని పక్కనుంచి జారిపోతుంది. బ్రేకు వేసి ఉంచితే మొత్తం గాలికి ఎదురొడ్డుతుంది. కొంతదాకా ఒడ్డుతుంది. ఆ తర్వాత కింద నుంచి విరుగుతుంది.

ఈ సైటులో అలా వదలడానికి ఒక చిక్కు వచ్చిపడింది. సైటు వెనక సందులో పాతిక ఇళ్ళున్నాయి, అన్నీ రేకుల ఇళ్ళే. సందు మొదట్లో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ పోయిన నెలలో ఇరవైమూడు సంతకాలతో ఒక కాగితం తెచ్చింది. పనివేళ అయిపోయాక కూడా ఆ చెయ్యి మా కప్పుల మీద దొంగలా తచ్చాడుతోంది, పిల్లలు జడుసుకుంటున్నారు, దాన్ని కట్టెయ్యండి అని. పెద్దగాలి వచ్చే రోజున ఆ చెయ్యి సందు మీదికి రాకూడదని మేనేజరు పట్టుబట్టాడు. రోడ్డు వెంబడి నిలిపి బిగించమన్నాడు.

కూతురు ఒప్పుకోలేదు. క్రేను కంపెనీ ఇచ్చిన పుస్తకంలో అలా లేదంది. పుస్తకం రాసినవాళ్ళకి ఈ సందు తెలుసా అన్నాడు మేనేజరు. చివరికి ఆమె ఈలని స్టోరుకి పంపింది, నాన్న ఏమంటే అదే చేస్తానని. పుస్తకం ఒకటి చెప్పి తండ్రి ఒకటి చెబితే ఆమె ఇప్పటికీ తండ్రి మాటే వింటుంది. ఆ సంగతి పైలట్‌కి తెలియదు.

ఈల వచ్చేసరికి పైలట్ తాళ్ళు చుట్టి కొక్కేలకు తగిలిస్తున్నాడు.

“పైలటన్నా, మీ అమ్మాయి అడగమంది...”

“మేనేజరు చెప్పింది చెయ్యమను.”

“అది కాదన్నా, క్రేను సంగతి...”

“నీకు చెవుడా? మేనేజరు చెప్పింది చెయ్యమన్నాను.”

ఈల వెనుదిరిగి వెళ్ళిపోయాడు. పావుగంటలో క్రేను చెయ్యి రోడ్డు వెంబడి ఆగింది. కూతురు బ్రేకు వేసి దిగింది. మేనేజరు టిక్కు పెట్టుకున్నాడు. పిడుగుల భయానికి సైటంతా కరెంటు తీసేశారు. పన్నెండింటికి కూలీలు ఇళ్ళకు పోయారు.

ఒంటిగంటకు పైలట్ స్టోరు షట్టరు కట్టడానికి బయటికి వచ్చాడు. గాలి అప్పుడే మొదలైంది, తూర్పు నుంచి. చిత్తుకాగితాలు, సంచులు, ఇసుక, అన్నీ సందు వైపు పోతున్నాయి. వేళకి మూడు గంటల ముందే వచ్చిందే అనుకుంటూ అలవాటు కొద్దీ తలెత్తాడు. చెయ్యి రోడ్డు వెంబడే ఉంది. గాలికి అది తిరగడానికి ఎంతసేపు పడుతుందోనని, అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. పది, ఇరవై, నలభై. దుమ్ము అతని కళ్ళలో పడుతోంది, బనీను వీపుకి అంటుకుపోతోంది, పైన ఆ చెయ్యి మాత్రం గోడకి కొట్టిన మేకులా కదలకుండా ఉంది.

తూర్పు గాలి ఆ చెయ్యిని అడ్డంగా కొడుతోంది. పడితే పడమటికే పడుతుంది. పడమటన ఉన్నది సందు.

ఈల, కూతురు కాపలా గదిలో టీ తాగుతున్నారు. పైలట్ గుమ్మంలో నిలబడి, ఈల వంకే చూస్తూ, బ్రేకు వదల్లేదా అని అడిగాడు. ఈల గ్లాసు కింద పెట్టాడు.

“వదలొద్దన్నాడు మేనేజరు. అది అడగడానికే కదన్నా వచ్చాను? మేనేజరు చెప్పింది చెయ్యమన్నారుగా.”

కూతురు పైలట్ ముఖం చూసి లేచి నిలబడింది. ఆమెకి చెప్పకుండానే తెలిసిపోయింది, తండ్రి ప్రశ్న వినకుండానే జవాబిచ్చాడని.

బ్రేకు వదలడానికి మేనేజరు మొదట ఒప్పుకోలేదు. బిగించి ఉన్నది గట్టిగా ఉంటుంది కదండీ అన్నాడు. పైలట్‌కి ఓపిక తక్కువ, ఆ రోజు అసలు లేదు. “గాలికి అడ్డంగా గొడుగు పట్టుకుని చూడండి సార్, అది ముందు విరుగుతుందో మీ మణికట్టు ముందు విరుగుతుందో. గాలి తిప్పినట్టు తిప్పితే రెండూ మిగులుతాయి. బ్రేకు వదలమని పైలట్ చెప్పాడని రాసుకోండి. ఏదైనా అయితే నా మెడకి చుట్టండి.” మేనేజరు ఒకసారి క్రేను వైపు, ఒకసారి సందు వైపు చూశాడు. మనిషి తెల్లబోయాడు. కరెంటు వేయిస్తాను, కేబిన్‌లో మీట నొక్కి వదిలెయ్యండి అన్నాడు. కరెంటు లేదు. ఈలోగా కరెంటు ఆఫీసు వాళ్ళు ఊరి లైనే తీసేశారు. సైటులో ఉన్న జనరేటరు నీళ్ళు తోడడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

కరెంటు లేకపోతే చేత్తో వదలాలి. కేబిన్ కింద చెయ్యిని తిప్పే మోటార్లు రెండున్నాయి. ఒక్కోదానికీ జానెడు ఇనప పిడి ఉంటుంది. దాన్ని లాగి పక్కకు తోస్తే బ్రేకు విడుతుంది. ఎవరో ఒకరు పైకెక్కాలి.

“సందు ఖాళీ చేయించండి సార్,” అన్నాడు పైలట్. “మన సెల్లారులోకి తెండి అందర్నీ. అది తూర్పున ఉంది, దానికి భయం లేదు.” ఆ మాట అని స్టోరులోకి పోయి, తన పాత బెల్టు తీసి నడుముకి కట్టుకుని, నిచ్చెన దగ్గరికి నడిచాడు.

పద్నాలుగు మెట్లు ఎక్కాడు. పదిహేనోదానికి కుడి మోకాలు లేవలేదు. ఎడమది లేచింది కానీ బరువు ఆపలేదు. ఇనప గొట్టాన్ని కావలించుకుని అలాగే నిలబడిపోయాడు. కిందనుంచి కూతురి గొంతు వినిపించింది. ఆమె ఈలతో అంటోంది, దిగమనన్నా, దారికడ్డం అని.

దిగాడు. ఆమె అప్పటికే బెల్టు కట్టుకుని, స్పానరు తాడుతో మణికట్టుకి ముడేసుకుని ఉంది. ఫోను తీసి స్టోరు కౌంటరు మీద పెట్టింది. అతని ముఖం చూడకుండా పక్కనుంచి ఎక్కిపోయింది.

పైలట్ కింద నిలబడి తల వెనక్కి వాల్చి చూశాడు. నిచ్చెన క్రేను ఇనప గూటి లోపలే ఉంటుంది కాబట్టి మనిషి పడదు. కానీ గాలి తోస్తుంది, గూడు ఊగుతుంది. నిచ్చెన మధ్యమధ్యలో ఆగడానికి వేసిన అరుగుల్ని ఆమె పసుపు టోపీ ఒక్కోటీ దాటుతుంటే అతను పెదవులు కదుపుతూ మెట్లు లెక్కపెట్టాడు. తూర్పున ఆకాశం సీసం రంగుకు తిరిగింది. మెరుపు కనిపించింది. ఉరుము రావడానికి ఎంత పట్టిందో లెక్కపెట్టాడు. ఇరవై. ఇంకా దూరంలోనే ఉంది.

పదిహేను నిమిషాలకు ఈల చేతిలో వాకీటాకీ గరగరలాడింది. చేరుకున్నాను అంది. కాసేపటికి మొదటిది విడిందంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ గరగర. రెండోది రావట్లేదు, పట్టేసింది, స్పానరు తగిలించి గట్టిగా పైకి లాగుతున్నాను అంది.

పైలట్ ఈల పక్కకి వచ్చాడు. ఆ మోటారు అతను స్టోరుకు దిగకముందు ఆఖరుగా బిగించింది. పాతది కాలిపోతే మార్చాడు. కొత్తదాని బోల్టు రంధ్రాలు కలవక, వెనక్కి తిప్పి బిగించాడు. పని చేస్తోంది కదా అని ఊరుకున్నాడు. పిడి మొదటిదానిలా పైకి రాదు. బలవంతం చేస్తే విరుగుతుంది. విరిగితే ఇంక ఆ బ్రేకుని వదిలేవాడు లేడు.

“లాగొద్దను,” అన్నాడు ఈలతో. ఈల చెప్పాడు. ఏమిటి అని వచ్చింది పైనుంచి. పైకి లాగొద్దట. మరెటు? మరెటు అంటోందన్నా. కిందికి అను. కిందికట. కింద ఏముంది? గాలి మాటల్ని తుంచి పారేస్తోంది. మెరుపు మళ్ళీ మెరిసింది. పైలట్ పన్నెండు లెక్కపెట్టేసరికి ఉరుము వచ్చింది.

అతను ఈల చేతిలోంచి వాకీటాకీ లాక్కున్నాడు.

“అమ్మాయీ. పిడి వదిలెయ్.”

గరగర. ఆ తర్వాత అది కూడా లేదు. తర్వాత చాలా చిన్నగా, “నాన్నా?”

“స్పానరు తీసెయ్. ఆ మోటారు నేను వెనక్కి తిప్పి బిగించాను. పిడి కిందికి నొక్కి, నీ వైపుకి లాగు.”

“వెనక్కా? ఎందుకు?”

“బోల్టులు కలవలేదు.”

“ఎవరికీ చెప్పలేదా?”

“నువ్వు అడగలేదు.”

“నువ్వు అడగనిస్తేగా.”

ఈల తల పక్కకు తిప్పుకుని నేల చూశాడు.

నొక్కుతున్నాను అందామె. రావట్లేదంది. తుప్పు పట్టి ఉంటుంది, మడమతో తన్ను అన్నాడు. ఒక చేత్తో గూడు పట్టుకుని, కూర్చుని తన్నమన్నాడు. తొందర వద్దు అన్నాడు. ఈ మాట అంటున్నప్పుడు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మెరుపు. తొమ్మిది. ఇనుము మీద మడమ తగిలిన చప్పుడు వాకీటాకీలో మూడుసార్లు వినిపించింది, నాలుగోసారి వేరే చప్పుడు. ఆ వెంటనే పైనుంచి, నిద్రలో ఒత్తిగిలిన పశువు మూలిగినట్టు, ఒక మూలుగు.

చెయ్యి కదిలింది. మొదట బెత్తెడు. తర్వాత నెమ్మదిగా, బరువుగా, రోడ్డుని వదిలి పడమటికి తిరిగి, టైలరమ్మ కప్పు మీదుగా పోయి, గాలి వెంట సాగి నిలబడింది. కాస్త అటూ ఇటూ ఊగి కుదురుకుంది.

“వచ్చేసింది నాన్నా.”

“చూశాను. ఇంక దిగు. అరుగు అరుగుకీ ఆగు. ఆగినప్పుడల్లా నాకు చెప్పు.”

ఆమె చెప్పింది. ప్రతిసారీ అతను ఊ అన్నాడు. ఈల ఒకసారి చెయ్యి చాచాడు, వాకీటాకీ ఇస్తాడేమోనని. ఇవ్వలేదు. చివరి మెట్టు దిగేసరికి వాన చినుకులు గులకరాళ్ళలా పడుతున్నాయి. ఆమె అరచేతులు రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి.

స్టోరులో అతను దూది, మందు సీసా, కట్టుగుడ్డ తీశాడు. ఆమె చేతులు చాచింది. అతను తుడుస్తుంటే మంటకి పళ్ళు బిగించింది తప్ప చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కౌంటరు మీద ఆమె ఫోను మోగింది. భర్త. అప్పటికే ఆరుసార్లు చేశాడు. కట్టు కట్టిన చేత్తో ఆమె ఫోను అందుకోలేకపోతుంటే పైలట్ తీసి చెవికి పెట్టాడు. ఆమె దిగాను, బాగానే ఉన్నాను అని చెప్పింది. ఫోను తీసేశాక అతను దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

“ఆ రోజు కూడా కిందే పెట్టి ఎక్కావు,” అన్నాడు. “నేర్పింది నేనే.”

ఆమె తలవంచుకుని కట్టు చూసుకుంది. అమ్మ నా గురించి అడిగిందా అంది. అడిగిందన్నాడు. కూతురు క్రేను మీద ఉందని తను చెబితే, అది ఎంత ఎత్తో ఆవిడ నర్సుకి చెప్పిందన్నాడు. పది మీటర్లు ఎక్కువే చెప్పిందన్నాడు. ఆమె నవ్వబోయి ఏడ్చింది. అతను దూది మూట కట్టి డబ్బాలో వేశాడు. క్షమించమని అతను అడగలేదు. క్షమించానని ఆమె అనలేదు. రెండేళ్ళు ఒక మాటతో తుడుచుకుపోవు.

సెల్లారులో సందు జనం కిక్కిరిసి ఉన్నారు. మేనేజరు ఇంటింటికీ తిరిగి బతిమాలి తెచ్చాడు. టైలరమ్మ మిషను వదిలి రానంటే దాన్ని తనే నెత్తిన పెట్టుకుని మోశాడట. ఆమె దానిమీద చెయ్యి వేసుకుని కూర్చుంది. పైలట్ కనిపించగానే అందుకుంది.

“అది మళ్ళీ మా ఇంటి మీదికి వచ్చిందటగా. కాగితం ఇచ్చి నెల కాలేదు.”

“వచ్చింది,” అన్నాడు పైలట్. “గాలి మారేదాకా అక్కడే ఉంటుంది. మీ ఇంటి మీద ఉన్నంతసేపూ మీ ఇంటి మీద పడదు.”

ఆమెకి ఆ మాట అర్థం కాలేదు. కూతురు పక్కన కూర్చుని కట్టు కట్టిన చేతులతో గాలినీ చెయ్యినీ ఆడించి చూపిస్తూ చెప్పింది. ఒకటి రెండు చోట్ల తప్పు చెప్పింది. పైలట్ విన్నాడు, దిద్దలేదు.

అసలు గాలి మూడింటికి వచ్చింది. ఈసారి హెచ్చరిక అబద్ధం కాలేదు. రోడ్డు అవతల బోర్డు ఒకటి ఊడి చక్రంలా దొర్లిపోయింది. కట్టిన రేకుల్లో నాలుగు లేచిపోయాయి. సెల్లారు వాలు దారిలో నిలబడి అందరూ తలలెత్తి చూస్తున్నారు. గాలి తూర్పు నుంచి దక్షిణానికి మళ్ళింది. వానతెరలో ఆ చెయ్యి మసకగా కనిపిస్తూ, గాలితోపాటే మళ్ళింది. సందు వదిలి, సగం కట్టిన మేడ మీదుగా, తొందర లేకుండా తిరిగింది. టైలరమ్మ తన కప్పు ఉందో లేదో చూసుకుంది. ఉంది.

అయిదున్నరకి వాన సన్నబడింది. జనం ఒక్కొక్కరే సందులోకి పోయారు. ఒక ఇంటి వంటగది రేకు లేదు, ఇంకో ఇంట్లో మోకాలిలోతు నీళ్ళు. మనుషులంతా ఉన్నారు. మేనేజరు తడిసిన పట్టీ తీసి, క్రేను అని ఉన్న చోట టిక్కు కొట్టేసి, ఏమని రాయమంటారని పైలట్‌ని అడిగాడు. ఆపరేటరుని అడగండి అన్నాడు పైలట్. బ్రేకు వదిలి దిగాలని కూతురు చెప్పింది. మేనేజరు పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

స్టోరు దగ్గర షట్టరు దించుతూ ఆమె, రేపు ఆ రెండో మోటారు విప్పి సరిగ్గా బిగించాలి అంది. నాకు దాని పని తెలియదు అంది.

“నేనొస్తాను.”

“మోకాళ్ళో?”

“కూర్చుంటూ వస్తాను. దారిలో ఎనిమిది అరుగులున్నాయిగా.”

“తొమ్మిది. మూడోదాని పైన చిన్నది ఒకటుంది.”

“అది నా రోజుల్లో లేదు.”

“నేనే వేయించాను,” అంది కూతురు. “అక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుందువుగాని.”